కొరియన్ 'ఇనా' – తెలుగు 'ఐనా': నామ వికల్పార్థకాల చరిత్రలో ఒక పోలిక, ఒక హెచ్చరిక

ఉపోద్ఘాతం

రెండు నామాలను 'ఇదీ, అదీ' అని జతచేయడం సముచ్చయం. 'ఇదో, అదో' అని వాటి మధ్య ఎంపికకు చోటివ్వడం వికల్పం. మన సంప్రదాయ వ్యాకరణాల్లో 'వికల్పం' అనే మాట ఎక్కువగా ఒక కార్యం ఒకసారి జరిగి మరొకసారి జరగకపోవడాన్ని తెలిపే పారిభాషిక పదం. ఈ వ్యాసంలో దాన్ని అర్థపరంగా, అంటే రెండు వస్తువులలో ఏదో ఒకటి అనే భావానికి వాడుతున్నాను. ఆ భావాన్ని తెలిపే భాషారూపాలను వికల్పార్థకాలు అంటున్నాను.

కొరియన్ భాషలో నామాల మధ్య వికల్పాన్ని తెలపడానికి విరివిగా వాడే ప్రత్యయం 'ఇనా'. అజంత నామం తరువాత అది 'నా' అవుతుంది. 'ఖొపినా ఛా' అంటే కాఫీ లేదా టీ. 'బాబినా ప్పాంగ్' అంటే అన్నం లేదా రొట్టె. ఇదే ప్రత్యయం ప్రశ్నార్థక సర్వనామాలకు చేరితే 'నుగునా' (ఎవరైనా), 'ముఒసినా' (ఏదైనా), 'ఒదినా' (ఎక్కడైనా) వంటి రూపాలు ఏర్పడతాయి. తెలుగువాడికి ఇవి వినగానే 'ఐనా' గుర్తుకు రాకమానదు. ధ్వని దగ్గరగా ఉంది, అర్థం దగ్గరగా ఉంది, నామానికి పరంగా చేరే పద్ధతీ ఒకటే. పరిశోధన ఆరంభదశలో ఈ జతలను వరుసగా ఒక పట్టికగా రాసుకున్నప్పుడు ఈ వ్యాసకర్తకు కూడా ఇది కాకతాళీయం కాదేమో అనిపించింది. ఆ పట్టిక ఎందుకు నిలవలేదో, అది కూలిన చోట అంతకంటె విలువైనదేమి దొరికిందో చెప్పడమే ఈ వ్యాస లక్ష్యం.

ఇక్కడ కొరియన్ పదాలను తెలుగు లిపిలో ఇస్తున్నాను. తెలుగులో సరిసమానమైన అచ్చులేని రెండు ధ్వనులను దగ్గరగా ఉన్న 'ఒ', 'ఉ'లతో సూచించాను. ప్రత్యయాలలో హ్రస్వదీర్ఘ భేదం కొరియన్‌లో లేదు. 'నా' అని దీర్ఘంగా రాయడం లిప్యంతరీకరణ సౌకర్యం మాత్రమే. కంటికి కనిపించే పోలికలో కొంత భాగం మన లిపి కల్పించిందేనని మొదటే గుర్తించాలి.

బంధుత్వ వాదం: పూర్వరంగం

కొరియన్‌కు, ద్రావిడ భాషలకు సంబంధం ఉందన్న ఊహ కొత్తది కాదు. ఫ్రెంచి మతగురువు షార్ల్ డాలే 1874లో ప్రచురించిన కొరియా క్రైస్తవ సంఘ చరిత్ర ఉపోద్ఘాతంలోనే ఈ పోలిక కనిపిస్తుంది. 1886లో ఉపాధ్యాయుడిగా సియోల్ చేరిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లో కొరియన్, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రత్యేక గ్రంథంగా వెలువరించాడు. 1984లో మోర్గన్ క్లిపింజర్ పదజాలం ఆధారంగా ఈ పాత సిద్ధాంతాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాడు. మరోవైపు ఫిన్లండ్ పండితుడు రామ్‌స్టెట్ 1939లో కొరియన్ వ్యాకరణం రాశాడు. ఆయన ఆ భాషను ఆల్టాయిక్ భాషల సరసన చేర్చే ప్రయత్నం చేసినవాడు. ఆ వాదమూ నేడు వివాదాస్పదమే. కొరియన్‌ను దాని మాండలికాలతో, జెజు ద్వీప భాషతో కలిపి ప్రత్యేక కుటుంబంగా చూడడమే ప్రస్తుతం ఎక్కువమంది అంగీకరించే మార్గం.

క్రియ వాక్యాంతంలో రావడం, విభక్తులు నామానికి పరంగా చేరడం, విశేషణం విశేష్యానికి ముందు నిలవడం, ప్రత్యయాలు ఒకదాని వెనుక ఒకటి అతుక్కోవడం వంటి లక్షణాలను ఇటువంటి వాదాలు తరచు ఆశ్రయిస్తాయి. అయితే ఇవి జపనీస్‌లోనూ, తుర్కీలోనూ, మంగోలియన్‌లోనూ ఉన్నాయి. క్రియ చివర వచ్చే భాషల్లో ఈ లక్షణాలు గుంపుగా రావడం సహజం. కనుక అవి రక్తసంబంధానికి సాక్ష్యం కాలేవు.

బంధుత్వ నిరూపణకు ఏది కావాలో మన భాష చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1816లో మద్రాసులో అచ్చయిన ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ప్రమాణ వ్యాసం జోడించాడు. తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒకే మూలానికి చెందిందని ఆయన నిరూపించడానికి ప్రయత్నించాడు. వినికిడి పోలికలను ఏరుకోవడంతో ఆయన ఆగలేదు. ధాతువులను వరుసగా నిలిపి పోల్చాడు. నలభై ఏళ్ళకు, 1856లో, కాల్డ్వెల్ అదే మార్గాన్ని విస్తరించాడు. పదాన్ని దాని భాగాలుగా విడదీసి, ఏ భాగానికి ఏ భాగం జవాబు చెబుతుందో చూడడమే ఈ పద్ధతికి ప్రాణం. 'ఇనా', 'ఐనా'లను ఇప్పుడు ఆ గీటురాయి మీద పెట్టి చూడాలి.

కొరియన్ 'ఇనా' పుట్టుక

కొరియన్ ప్రత్యయాల చరిత్రకు ఒక పరిమితి ఉంది. సేజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన హంగుల్ లిపికి ముందు రాత ప్రధానంగా చైనా లిపిలోనే సాగింది. చైనా వాక్యం పక్కన కొరియన్ ప్రత్యయాలను సూచించే గుర్తులు వేసే పద్ధతులు అంతకుముందూ ఉన్నాయి. కాని ప్రత్యయాల ఉచ్చారణ స్పష్టంగా, విస్తారంగా దొరికేది 15వ శతాబ్ది నుంచే. 1447 నాటి 'సొక్పో సాంగ్‌జొల్' వంటి బౌద్ధ గ్రంథాలు ఆ దశకు ప్రధాన సాక్షులు. తెలుగులో కలమళ్ళ శాసన కాలం (సుమారు 575) నుంచీ ప్రత్యయాలు అక్షరరూపంలో దొరుకుతున్నాయి. ఆ దృష్టితో చూస్తే మన సామగ్రి కొరియన్ కంటే దాదాపు తొమ్మిది శతాబ్దాలు ముందుగా మొదలవుతుంది.

'ఇనా' రెండు భాగాల కలయిక. మొదటిది 'ఇ'. 'ఇది పుస్తకం' వంటి వాక్యాల్లో రెండు నామాల అభేదాన్ని చెప్పే క్రియకు కొరియన్‌లో ఇదే ధాతువు. దీన్ని తాదాత్మ్య క్రియ అందాం. రెండవది 'నా'. ఇది క్రియలకు చేరి 'అయినప్పటికీ, కాని' అనే అర్థమిచ్చే ప్రత్యయం. మన పరిభాషలో దీన్ని అప్యర్థకంతో పోల్చవచ్చు. కనుక 'బాబ్-ఇ-నా' అంటే అక్షరాలా 'అన్నమే అయినప్పటికీ'.

ఈ విశ్లేషణకు మూడు ఆధారాలు కనిపిస్తాయి. మొదటిది రూపభేదం. హలంతం తరువాత 'ఇనా', అజంతం తరువాత 'నా' రావడం, తాదాత్మ్య క్రియ అచ్చుల తరువాత తన 'ఇ'ని కోల్పోయే తీరుకు ప్రతిబింబం. రెండవది, వికల్పాన్ని చెప్పే ఇతర ప్రత్యయాల నిర్మాణం. 'ఇగొనా', 'ఇదుంజి', 'ఇరాదో' అనే రూపాలన్నిటి మొదట అదే 'ఇ' ఉంది. మూడవది, నామం ప్రమేయం లేకుండా క్రియకు నేరుగా 'నా' చేరిన ప్రయోగాలు నేటికీ సజీవంగా ఉండడం. 'బిగా ఓనా నుని ఓనా' అన్నది కొరియన్ వాడుకలో స్థిరపడిన పలుకుబడి. 'వాన వచ్చినా మంచు వచ్చినా' అని దాని అర్థం. 'జానా క్కేనా' అంటే 'నిద్రపోయినా మేలుకున్నా', అంటే ఎల్లవేళలా.

ఈ మూడవ ఆధారం చరిత్రకు కీలకం. ఒక్క అప్యర్థకం అంగీకారాన్ని తెలుపుతుంది: వాన వచ్చినా వెళ్తాను. దాన్ని రెండుసార్లు వాడితే అంగీకారం ఉపేక్షగా మారుతుంది: వాన వచ్చినా, ఎండ కాసినా వెళ్తాను. అంటే ఏది జరిగినా ఫలితం ఒకటే. ఏది అయినా ఒకటే అన్నచోట ఎంపికకు తలుపు తెరుచుకుంటుంది. క్రియకు బదులు తాదాత్మ్య క్రియ వస్తే ఆ ఎంపిక రెండు నామాల మధ్య ఎంపిక అవుతుంది. 'ఖొపినా ఛానా' అంటే 'కాఫీ అయినా టీ అయినా'. కొరియన్ ఇక్కడితో ఆగలేదు. రెండవ నామం మీది ప్రత్యయాన్ని వదిలేసి 'ఖొపినా ఛా' అనే రూపాన్నీ స్థిరపరచుకుంది. ఒకప్పటి ఉపవాక్యం ఈ విధంగా రెండు నామాలను కలిపే ప్రత్యయంగా కుదించుకుపోయింది.

తెలుగు 'ఐనా' పుట్టుక

తెలుగు 'ఐనా' చరిత్ర మన పాఠకులకు పరిచితమే అయినా, పోలిక కోసం దాని కీళ్ళను మరొకసారి విప్పి చూడాలి. 'అగు' ధాతువు చేదర్థక రూపం 'అయినన్'. దానికి సముచ్చయార్థకమైన 'ను' చేరితే 'అయినను'. పాఠశాల వ్యాకరణంలో దీన్ని అప్యర్థకం అంటాం. సంస్కృతంలోని 'అపి' అర్థాన్ని ఇస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. వాడుకలో చివరి 'ను' లోపించి దాని ముందున్న అచ్చు దీర్ఘమైంది. 'రాముడును' అన్నది 'రాముడూ' అయినట్లే, 'చేసినను' అన్నది 'చేసినా' అయింది, 'అయినను' అన్నది 'అయినా', 'ఐనా' అయింది.

సోదర భాషల సాక్ష్యం ఈ విశ్లేషణను బలపరుస్తుంది. తమిళంలో 'ఆయినుమ్' అనే రూపం ఉంది. అందులో చేదర్థకమైన 'ఆయిన్', సముచ్చయార్థకమైన 'ఉమ్' స్పష్టంగా విడివడతాయి. కన్నడంలో 'ఆదరె' అంటే 'అయితే'. దానికి సముచ్చయం చేరితే 'ఆదరూ', అంటే 'అయినా'. 'యారాదరూ' అంటే 'ఎవరైనా'. మూడు భాషల్లోనూ సూత్రం ఒకటే: 'అగు' అర్థంగల ధాతువు, దానికి చేదర్థకం, దానికి సముచ్చయం.

ఇప్పుడు రెండు రూపాలను పక్కపక్కన పెడదాం. కొరియన్ 'ఇనా'లో 'ఇ' ధాతువు. తెలుగు 'ఐనా'లో వినబడే ఇకారం ధాతువుది కాదు, అది చేదర్థక ప్రత్యయానిది. తెలుగు ధాతువు దాని ముందున్న అకారంలో దాగి ఉంది. కొరియన్ 'నా' ఒకే ప్రత్యయం. తెలుగు 'నా'లో నకారం చేదర్థకానిది, దీర్ఘం మాత్రం లోపించిన సముచ్చయానిది. చెవికి ఒకటిగా వినిపించిన రెండు పదాలలో కీళ్ళు ఒక్కచోట కూడా కలవలేదు. కాలంలో వెనక్కి వెళ్ళేకొద్దీ పోలిక పెరగాలి. ఇక్కడ 'అయినను' దాకా వెళ్ళేసరికే పోలిక చెదిరిపోయింది. బంధుపదాలు సాధారణంగా ఇలా ప్రవర్తించవు.

వినికిడిని నమ్మడంలోని ప్రమాదానికి మరొక ఉదాహరణ చాలు. 'కాఫీనా, టీనా?' అని తెలుగులో అడుగుతాం. 'ఖొపినా ఛానా' అని కొరియన్‌లో అంటారు. రెండింటిలోనూ 'నా' రెండుసార్లు వచ్చింది, రెండింటిలోనూ ఎంపిక ఉంది. కాని తెలుగు వాక్యంలోనిది ప్రశ్నార్థకమైన 'ఆ'. నకారం దాని ముందు చేరిన వర్ణం మాత్రమే. కొరియన్ మాటలోనిది ప్రశ్న కాదు, రెండూ సమానమే అన్న ఉపేక్ష.

అసలైన జోడీ: 'ఇరాదో'

'ఇనా'తో పోలిక కూలినంత మాత్రాన తెలుగు, కొరియన్‌ల మధ్య పోల్చదగినదేదీ లేదని కాదు. 'ఐనా' నిర్మాణానికి కొరియన్‌లో సరిజోడి ఉంది. అయితే అది 'ఇనా' కాదు, 'ఇరాదో'.

'ఇరాదో'లో మొదటి భాగం తాదాత్మ్య క్రియే. రెండవది 'రా'. ఇతర క్రియలకు అకారంగానో ఒకారంగానో చేరే ప్రత్యయం తాదాత్మ్య క్రియ తరువాత చారిత్రకంగా ఈ రూపం దాల్చింది. మూడవది 'దో'. దాని అర్థం 'కూడా'. 'నాదో' అంటే 'నేనూ' లేదా 'నేను కూడా'. అంటే 'ఇరాదో' అన్నది తాదాత్మ్య క్రియకు సముచ్చయం చేరగా ఏర్పడిన రూపం. 'అగు' ధాతువుకు సముచ్చయం చేరి ఏర్పడిన 'ఐనా'కు ఇది నిర్మాణంలో అతి సన్నిహితం.

అర్థంలోనూ ఈ సామీప్యం కనిపిస్తుంది. 'ముల్-ఇరాదో జుసేయో' అంటే 'నీళ్ళయినా ఇవ్వండి', అంటే కోరుకున్నది లేకపోతే కనీసం ఇదైనా అని. తెలుగు 'ఐనా'లోని ఈ 'కనీసం' ఛాయను కొరియన్‌లో ప్రధానంగా మోసేది 'ఇరాదో'. 'ఇనా' ఆ దరిదాపులకు వస్తుంది గాని పూర్తిగా కలవదు. 'యొంగ్హ్వానా బోజా' అంటే 'సినిమా అయినా చూద్దాం', చేయడానికి మరేమీ లేదు కనుక అని. ఇక్కడ రెండు భాషలూ కలుస్తున్నట్లే ఉంటుంది. కాని సంఖ్య చేరగానే దారులు పూర్తిగా వేరవుతాయి. 'సే షిగన్-ఇనా' అంటే 'ఏకంగా మూడు గంటలు', అంతసేపా అన్న ఆశ్చర్యంతో. తెలుగులో 'మూడు గంటలైనా' అంటే 'కనీసం మూడు గంటలు'. ఒకటి పరిమాణం ఎక్కువైందని చెబుతుంది. మరొకటి పరిమాణానికి కింది హద్దు గీస్తుంది.

సర్వనామాలతోనూ ఇదే తేడా. కొరియన్ 'ఒన్జేనా' నిర్మాణంలో 'ఎప్పుడైనా' వంటిదే. దాని అర్థం మాత్రం 'ఎప్పుడూ'. 'నుగునా' అన్నదీ 'ఎవరైనా' కంటే 'ప్రతివారూ' అన్న భావానికి దగ్గరగా వాడుతుంది. తెలుగులో ఆ సర్వవ్యాప్తిని చెప్పే పని సముచ్చయ దీర్ఘానిది: ఎప్పుడూ, అందరూ, ఎక్కడా. 'ఐనా' అనిర్దిష్టత దగ్గరే నిలిచింది. అనువాదంలో 'ఒన్జేనా'ను 'ఎప్పుడైనా' అని మార్చితే వాక్యార్థమే తలకిందులవుతుంది. 'ఎప్పుడూ నిన్నే తలచుకుంటాను' అన్నవాడు 'ఎప్పుడైనా తలచుకుంటాను' అన్నట్లు వినిపిస్తాడు.

చెవి ఎంచుకున్న జోడీ ఒకటి, నిర్మాణం ఎంచుకున్న జోడీ మరొకటి. 'ఇరాదో', 'ఐనా'ల మధ్య ధ్వనిపోలిక ఏమీ లేదు. నిజమైన సామ్యం ఉన్నచోట ధ్వని సాయం చేయలేదు. ధ్వని కలిసినచోట సామ్యం పైపైనే ఉంది. ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన ఇదే.

వాక్యంలో స్థానం

ప్రత్యయాల పుట్టుకతోపాటు వాక్యంలో అవి నిలిచే చోటు కూడా చరిత్రను తెలుపుతుంది. కొరియన్‌లో 'ఖొపినా ఛారుల్' అంటారు. మొదటి నామానికి 'నా', చివరి నామానికి ద్వితీయా విభక్తి 'రుల్'. మొదటి నామానికి విడిగా విభక్తి అవసరం లేదు. రెండు నామాలు ఒక సమాసంలా ముడిపడి, ఆ ముడికి మొత్తంగా విభక్తి చేరుతుంది.

తెలుగులో 'ఐనా' ఈ దశకు రాలేదు. 'కాఫీ అయినా టీ అయినా ఇవ్వండి' అనాలి. మొదటి 'అయినా'ను మాత్రమే ఉంచి 'కాఫీ అయినా టీ ఇవ్వండి' అంటే వికల్పార్థం రాదు. పైగా 'రాముడికైనా కృష్ణుడికైనా' అన్నట్లు విభక్తి ప్రతి నామానికీ చేరుతుంది, 'ఐనా' విభక్తికి పరంగా వస్తుంది. 'ఓ', 'గానీ'లదీ ఇదే పద్ధతి: రాముణ్ణో కృష్ణుణ్ణో, రాముణ్ణి గానీ కృష్ణుణ్ణి గానీ. తెలుగు తన వికల్పార్థక ప్రత్యయాలను ప్రతి నామం మీదా మోపుతుంది. ఉపవాక్యాల జంటగా మొదలైన నిర్మాణపు ఛాయను తెలుగు ఇంకా నిలుపుకుందని, కొరియన్ దాన్ని దాటి కుదింపు దిశగా మరో అడుగు వేసిందని చెప్పవచ్చు. రెండు నామాల నడుమ ఒకేసారి నిలిచే పని తెలుగులో 'లేదా', 'లేక' వంటి మాటలు చేస్తున్నాయి.

కాకపోవడం, లేకపోవడం

ఆ మాటల పుట్టుక మరొక ఆసక్తికరమైన భేదాన్ని చూపుతుంది. తెలుగులో రెండు వ్యతిరేకార్థక క్రియలున్నాయి. 'ఇది టీ కాదు' అన్నప్పటి 'కా' తాదాత్మ్యాన్ని నిరాకరిస్తుంది. 'ఇక్కడ టీ లేదు' అన్నప్పటి 'లే' ఉనికిని నిరాకరిస్తుంది. కొరియన్‌లోనూ సరిగ్గా ఇదే విభజన ఉంది. అక్కడ తాదాత్మ్య నిరాకరణకు 'అని', ఉనికి నిరాకరణకు 'ఒప్స్' ధాతువులు. ఒకే విధమైన రెండు పనిముట్లు చేతిలో ఉన్న రెండు భాషలు వికల్పం కోసం వేర్వేరు పనిముట్లను ఎంచుకున్నాయి.

కొరియన్‌లో 'ఖొపి అనిమ్యొన్ ఛా' అంటారు. 'అనిమ్యొన్' అంటే 'కాకపోతే'. తెలుగులో 'కాకపోతే', 'కాకుంటే' అనే మాటలు ఈ అర్థంలో వినిపించినా, ప్రధాన స్థానం మాత్రం 'లే' ధాతువు సంతానానిదే: లేదా, లేక, లేకపోతే, లేకుంటే. కొరియన్‌లో 'ఒప్స్' ధాతువుకు చేదర్థకం చేర్చి 'ఒప్సుమ్యొన్' అంటే 'లేకుంటే' అన్న షరతు మాత్రమే అవుతుంది గాని 'లేదా' అన్న వికల్పార్థకం కాదు. కాఫీ అయిపోయిందేమో అన్న సందేహం అందులో ఉంటుంది.

కొరియన్‌లో ఇక్కడ ఒక పొందిక కనిపిస్తుంది. అనుకూలంగా 'ఇనా', 'ఇదుంజి', 'ఇరాదో', ప్రతికూలంగా 'అనిమ్యొన్', ఇవన్నీ తాదాత్మ్యం చుట్టూ తిరుగుతాయి. తెలుగులో అనుకూల రూపమైన 'ఐనా' అగు ధాతువు నుంచి, ప్రతికూల రూపాలు 'లే' నుంచి వచ్చాయి. దీనికి వెనుక మరో భేదం ఉంది. కొరియన్ నామవాక్యంలో తాదాత్మ్య క్రియ ప్రత్యక్షంగా ఉంటుంది. తెలుగు 'ఇది కాఫీ' అన్న వాక్యంలో క్రియే లేదు. 'అగు' అర్థం అక్కడ అవ్యక్తం. షరతు, అంగీకారం, నిరాకరణ వచ్చినప్పుడే అది 'అయితే', 'అయినా', 'కాదు' రూపాల్లో వెలికి వస్తుంది. ఇంతటి మౌలిక భేదం ఉన్న రెండు భాషలు వికల్పానికి ఒకే విధమైన మార్గాన్ని తొక్కడమే విశేషం.

అరువు మాటలు, కాలగర్భంలో కలిసిన మాటలు

నామాల మధ్య నిలిచే కొరియన్ మాటల్లో మరో రెండు ఉన్నాయి. 'త్తోనున్' అన్నది 'మళ్ళీ' అనే అర్థంగల 'త్తో' అనే దేశ్యపదం నుంచి పుట్టింది. 'హోగున్' అన్నది చైనా భాషలో వికల్పాన్ని తెలిపే పదానికి కొరియన్ ప్రత్యయం చేర్చగా ఏర్పడింది. రాతలో, శాస్త్రవ్యవహారంలో ఇవి ఎక్కువ. ప్రతిష్ఠగల భాష నుంచి వికల్పార్థకాన్ని అరువు తెచ్చుకోవడం మనకూ తెలిసిన సంగతే. సంస్కృతం నుంచి 'అథవా' తెలుగులోకీ కన్నడంలోకీ వచ్చింది. కన్నడ వ్యవహారంలో అది స్థిరపడింది. తెలుగులో పండిత రచనలకే పరిమితమైంది.

మన ప్రాచీన కావ్యభాషలో 'ఒండె' అనే వికల్పార్థక అవ్యయం ఉండేది. 'ఒండు' అంటే ఒకటి, వేరొకటి. ఆ సంఖ్యాశబ్దం నుంచే అది వచ్చింది. నేటి వ్యవహారంలో దాని జాడ లేదు. 'ఏని' అన్నది 'ఏదేని', 'ఎవరేని' వంటి రూపాల్లో చట్టాల భాషలోనే మిగిలింది. ఒక భాష వికల్పాన్ని చెప్పడానికి ఎప్పుడూ ఒకే మాట మీద ఆధారపడదు. మాటలు అరుగుతాయి, కొత్తవి వస్తాయి, పాతవి ఏదో ఒక వ్యవహార రంగంలో తలదాచుకుంటాయి.

రాతలోని తడబాటు కూడా రెండుచోట్లా ఉంది. కొరియన్‌లో ఎంపికను తెలిపే 'దుంజి'కి, గతాన్ని స్మరించే అర్థంలోని 'దొన్'కు సంబంధించిన రూపాలకు మధ్య తికమక అంత సాధారణం కనుకనే, 1988లో ప్రకటించిన వర్ణక్రమ నియమాల్లో 56వ నియమం ప్రత్యేకించి ఆ భేదాన్ని చెబుతుంది. తెలుగులో 'కాని, కానీ, గాని, గానీ'ల విషయంలో నేటికీ ప్రచురణల్లో ఏకరూపత లేదు.

సామ్యానికి కారణం

బంధుత్వం కారణం కాకపోతే ఈ నిర్మాణ సామ్యం ఎక్కడిది? దీనికి సమాధానం రెండు భాషల మధ్య కాకుండా అనేక భాషల మధ్య వెతకాలి. ఫ్రెంచిలో 'స్వా… స్వా' అనే వికల్పార్థకం 'ఉండు' క్రియకు సంభావనార్థక రూపం. లాటిన్ 'వెల్' కోరికను తెలిపే ధాతువు నుంచి వచ్చింది. హిందీ 'చాహే', తుర్కీ 'ఇస్తెర్… ఇస్తెర్' కూడా 'కోరు' క్రియ నుంచే పుట్టాయి. ఏదైనా కానీ, ఏది కోరినా సరే అన్న అంగీకారం నుంచి ఎంపిక పుట్టడం మనుషుల ఆలోచనలో సహజమైన నడక. 1997లో మార్టిన్ హాస్పెల్‌మత్ అనిర్దిష్ట సర్వనామాల మీద వెలువరించిన గ్రంథం, ప్రశ్నార్థకాలకు ఇటువంటి రూపాలు చేరి 'ఏదైనా' వంటి పదాలు ఏర్పడడం పలు కుటుంబాల భాషల్లో పునరావృతమవుతుందని చూపింది.

సామ్యానికి మూడవ కారణం ఇరుగుపొరుగు సాంగత్యం. సంస్కృతంలో 'అపి', ద్రావిడంలో 'ఉమ్' ఒకే విధమైన పనులు చేయడాన్ని ఎమెనో 1974లో భారత భాషామండల లక్షణాల చర్చలో భాగంగా పరిశీలించాడు. తెలుగు సంస్కృతాల మధ్య ఈ వివరణకు చోటుంది. ఆ మండలానికి దూరంగా పెరిగిన కొరియన్‌కు దీన్ని వర్తింపజేయలేం. కనుక రెండు భాషలూ తమతమ ధాతువులతో, తమతమ కాలంలో, స్వతంత్రంగా ఒకే దారిలో నడిచాయనడమే సమంజసం.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. కొరియన్ 'ఇనా'కు, తెలుగు 'ఐనా'కు ఉన్న ధ్వనిసామ్యం విశ్లేషణకు నిలవదు. 'ఐనా' నిర్మాణానికి కొరియన్‌లో అసలైన సాటి 'ఇరాదో'. తాదాత్మ్యం, అంగీకారం, ఉపేక్ష, ఎంపిక అనే మెట్ల వరుస రెండు భాషలకూ సమానం. ఆ మెట్ల మీద కొరియన్ 'ఇనా' నామసంయోజకం దాకా వెళ్ళింది. తెలుగు 'ఐనా' అంతకు ముందు మెట్టు దగ్గర ఆగి, మిగిలిన పనిని 'లేదా'కు అప్పగించింది.

భాషాభిమానం బంధుత్వాలను తొందరగా కలుపుకుంటుంది. దూరదేశపు భాషలో మన మాట వినిపిస్తే కలిగే సంతోషాన్ని ఈ వ్యాసకర్త కాదనడం లేదు. ఆ సంతోషంతోనే ఈ పరిశీలన మొదలైంది. అయితే పోలికల పట్టికను అక్కడే ముగించి ఉంటే 'అయినను'లోని లుప్త సముచ్చయం, 'కా', 'లే' ధాతువుల పని విభజన, 'ఒండె' అస్తమయం వంటి మన భాష సంగతులు పక్కనే ఉండిపోయేవి. కొరియన్ ప్రత్యయం ఒకటి మనకు ఇచ్చిన అసలు లాభం తెలుగు వికల్పార్థకాలను కొత్త ప్రశ్నలతో చూసే అవకాశం. శాసనాల్లోనూ కావ్యాల్లోనూ 'ఒండె', 'ఏని', 'అయినను', 'గాని', 'లేక'లు ఏ కాలంలో ఏ పని చేశాయో వరుసగా నిర్ధారించే చరిత్ర ఒకటి రావలసి ఉంది. ఆ పనికి ఈ వ్యాసం ఒక ఉపక్రమణిక.